ఆధారం ఆ వాక్యాన్ని మోస్తోందా: న్యాయ పత్రిక సంపాదక శిక్షణ, ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం: పని పంపకం

మా కళాశాల ఏడాదికి రెండు సంచికలుగా వెలువరించే న్యాయశాస్త్ర జర్నల్ ఇంగ్లీషులో వస్తుంది. దాని సంపాదకత్వ భారంలో పెద్ద భాగం విద్యార్థులదే. ఈ ఏడు శిక్షణకు ఎంపికైన మూడో, నాలుగో సంవత్సరం విద్యార్థులలో నలుగురు తెలుగువారు. ముగ్గురు అమ్మాయిలు హిందూపురం, కర్నూలు, పార్వతీపురం నుంచి బెంగళూరు వచ్చి హాస్టల్లో ఉంటున్నవారు. నాలుగో విద్యార్థి కోలారులో పుట్టి, ఇంట్లో తెలుగూ బడిలో కన్నడమూ నేర్చుకున్నవాడు. సంచికకు వచ్చిన వ్యాసాలలో ఒకటి ఆంధ్రప్రదేశ్ ఏజెన్సీ ప్రాంతాల భూమి హక్కులను, గిరిజన ప్రాంతాల పాలనకు సంబంధించిన రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలును చర్చించేది. దాని ఆధారాలలో తెలుగులో ఉన్న గ్రామసభ తీర్మానాలూ ఇంటర్వ్యూల రాతప్రతులూ ఉన్నాయి. తెలుగు చదవలేనివారు వాటిని సరిచూడలేరు కనుక, మొదటి వడపోత నుంచి ప్రూఫుల దాకా ఆ వ్యాసం పనిని ఈ నలుగురికే అప్పగించాను. ఈ డైరీ ప్రధానంగా ఆ ఒక్క వ్యాసానికి సంబంధించినది. రచయిత పేరు గానీ సమీక్షకుల పేర్లు గానీ ఇందులో ఉండవు; నిర్ణయం వెలువడిన తరువాత, సంపాదక ప్రశ్నలను శిక్షణ కోసం బయట చర్చించడానికి రచయిత అనుమతి తీసుకున్నాను.

మొదటి సమావేశంలోనే హిందూపురం విద్యార్థిని అడగవలసిన ప్రశ్న అడిగింది: "మేడమ్, అమెరికాలో విద్యార్థులే వ్యాసాలను ఎంపిక చేసి అచ్చు వేస్తారు కదా, మనకు బయటి సమీక్షకులు ఎందుకు?" హార్వర్డ్ లా రివ్యూ 1887లో మొదలైనప్పటి నుంచి అమెరికా న్యాయ పత్రికలలో అత్యధికం ఆ పద్ధతినే అనుసరించాయన్నది నిజమే. అక్కడ రచయిత ఒకే వ్యాసాన్ని ఒకేసారి అనేక పత్రికలకు పంపవచ్చు. ఒక పత్రిక అంగీకరిస్తే ఆ మాట చూపించి మరో పత్రికను త్వరపెట్టవచ్చు. అదే రంగంలోని బయటివారు చదివి అభిప్రాయం చెప్పే పీర్ రివ్యూ పత్రికకు అది పొసగదు. జీతం లేకుండా, పేరు లేకుండా, తన పని మానుకుని చదివే ఒక అధ్యాపకుడి సమయాన్ని మనం అరువు తెచ్చుకుంటున్నప్పుడు, అదే వ్యాసం మరో చోట కూడా పరిశీలనలో ఉండడం ఆయనకు అన్యాయం. మా పద్ధతి ఈ రెండింటికీ నడుమ ఉంది: మొదటి వడపోత విద్యార్థులది, విషయంపై అభిప్రాయం బయటి సమీక్షకులది, నిర్ణయం సంపాదక మండలిది, ఆ తరువాత ఆధారాల తనిఖీ, భాష, ప్రూఫులు మళ్లీ విద్యార్థులవి. విషయంలో తమకంటె ఎక్కువ తెలిసిన రచయిత వ్యాసాన్ని విద్యార్థి ఏ అధికారంతో సవరిస్తాడు అన్న సందేహానికి మాత్రం ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. పనిలోనే తేలుతుందని వదిలేశాను.

జూలై మొదటి పక్షం: పేరు తుడిచివేయడం

సమీక్షకుడికి రచయిత ఎవరో, రచయితకు సమీక్షకుడు ఎవరో తెలియకూడదన్నది మా నియమం. మొదటి పుట మీద పేరు తీసేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటని కర్నూలు విద్యార్థిని ఒక పూటలోనే కనుక్కున్నది. "నేను ఇదివరకు వాదించినట్లు" అన్న వాక్యం కింద ఫుట్‌నోట్‌లో రచయిత సొంత వ్యాసం ఉంది. కృతజ్ఞతల ఫుట్‌నోట్‌లో పరిశోధనా పర్యవేక్షకుల పేర్లు ఉన్నాయి. వర్డ్ ఫైలు లక్షణాలలో రచయిత పేరు, పాత వ్యాఖ్యల పక్కన ఆయన మిత్రుల పేర్లు అలాగే మిగిలి ఉన్నాయి. ఫుట్‌నోట్‌ను పూర్తిగా తొలగిస్తే వాదనకు ఆధారం పోతుంది; అలాగే ఉంచితే గుట్టు బయటపడుతుంది. "నేను వాదించినట్లు" అన్నదాన్ని ప్రథమ పురుషలోకి మార్చి, ఆ రచనను మరొకరి రచనలాగే ఉదహరించాలని నిర్ణయించి, ఆ మార్పును రచయిత చేతనే చేయించాము. ఈ దశలో రచయితతో ఉత్తర ప్రత్యుత్తరాలు నావి మాత్రమే. మిగిలిన విద్యార్థులకు అందేది ఆ తరువాతి, పేరు లేని ప్రతి.

వ్యాసంలో ఎంత భాగం ఇతర రచనలతో కలుస్తోందో చూపే సామ్యం నివేదిక వచ్చినప్పుడు బృందం కంగారు పడింది. సాఫ్ట్‌వేర్ 30 శాతానికి పైగా చూపించింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనల ప్రకారం 10 శాతం లోపు సామ్యానికి శిక్ష లేదు, 10 నుంచి 40 వరకు మొదటి స్థాయి, 40 నుంచి 60 వరకు రెండోది, ఆపైన మూడోది. "అంటే ఇది మొదటి స్థాయి కదా మేడమ్, తిప్పి పంపేద్దామా?" అని కోలారు విద్యార్థి అడిగాడు. అంకె చూసి తీర్పు చెప్పవద్దని, రంగు పూసిన ప్రతి భాగాన్నీ విడివిడిగా చదివి రమ్మని చెప్పాను. చట్టాల పాఠాన్నీ, ఆధారం చూపి ఉటంకించిన భాగాలనూ లెక్క నుంచి మినహాయించాలని ఆ నిబంధనలే చెబుతున్నాయి. న్యాయశాస్త్ర వ్యాసంలో అయిదో షెడ్యూలు పేరాలు అక్షరం పొల్లుపోకుండా ఉండక తప్పదు. యంత్రానికి అదీ చౌర్యమూ ఒకటే. అవన్నీ తీసివేశాక మిగిలిన పెద్ద ముక్క ఒక పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలోనిది. దేశంలోని సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే శోధగంగలో అది దొరికింది. రచయిత ఎవరో తెలియని మిగిలిన విద్యార్థులకు అది మరొకరి రచన. నాకు అది ఆయన సొంత సిద్ధాంత గ్రంథమని తెలుసు. సిద్ధాంత గ్రంథం నుంచి వ్యాసం తయారు కావడం సహజమే, అయితే ఆ సంగతి పాఠకుడికి చెప్పాలి. అంగీకారం తరువాత మొదటి ఫుట్‌నోట్‌లో ఆ ప్రకటన చేరింది.

అదే వారంలో వచ్చిన మరో వ్యాసాన్ని సమీక్షకు పంపకుండానే తిరస్కరించాము. అందులో ఉదహరించిన ఒక హైకోర్టు తీర్పు, తీర్పులను సంపుటాలుగా అచ్చువేసే ఏ రిపోర్టరులోనూ, ఏ కోర్టు వెబ్‌సైట్‌లోనూ లేదు. ఆ సంపుటంలో ఆ పుట దగ్గర మరేదో కేసు ఉంది. కృత్రిమ మేధ కల్పించిన తీర్పులను దాఖలు చేసినందుకు న్యూయార్కులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసు న్యాయవాదులకు 2023 జూన్‌లో 5,000 డాలర్ల జరిమానా పడింది. అది దూరపు కథ అనుకునే వీలు లేదు. ఆదాయపు పన్ను అప్పీళ్ల ట్రైబ్యునల్ బెంగళూరు బెంచ్ 2024 డిసెంబరులో ఇచ్చిన ఒక ఉత్తర్వులో లేని తీర్పుల ప్రస్తావన బయటపడి, ఆ ఉత్తర్వునే వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ఇకపై ఏ వ్యాసానికైనా మొదటి వడపోతలో, వాదన బాగుందా లేదా అని చూడడానికి ముందే, ఉదహరించిన తీర్పులన్నీ నిజంగా ఉన్నాయో లేదో చూడాలని నియమం పెట్టుకున్నాము. ఇది సంపాదకత్వం కాదు, గుమస్తా పని అని కొందరు మొహం ముడుచుకున్నారు. గుమస్తా పని చేయని సంపాదకుడిని నేనింతవరకు చూడలేదు.

సెప్టెంబరు: ఇద్దరు సమీక్షకులు

సమీక్షకులను వెతకడం గురించి చెప్పుకోదగినది తక్కువ. అడిగినవారిలో కొందరు జవాబివ్వలేదు, కొందరు మర్యాదగా తప్పుకున్నారు, చివరకు ఇద్దరు ఒప్పుకుని గడువు దాటాక నివేదికలు పంపారు. ఒకరిని అడగకముందే జాబితా నుంచి తీసివేయవలసి వచ్చింది, ఎందుకంటే వ్యాసంలో విమర్శకు గురైన ప్రభుత్వ కమిటీలో ఆయన సభ్యుడు.

నివేదికలు మాత్రం పాఠంగా పనికివచ్చాయి. మొదటి సమీక్షకుడు స్వల్ప సవరణలతో ప్రచురించవచ్చన్నారు. రెండో నివేదిక పెద్ద సవరణలు కోరింది, కొంత పరుషంగా ఉంది, చివర ఒకే పండితుడు రాసిన కొన్ని వ్యాసాలను తప్పనిసరిగా ఉదహరించాలని చెప్పింది. "ఆ పండితుడే సమీక్షకుడేమో అక్కా" అని కోలారు విద్యార్థి హిందూపురం సీనియరుతో గుసగుసలాడడం నా చెవిన పడింది. ఊహాగానం వద్దన్నాను, అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ వ్యాసాలు ఈ వాదనకు నిజంగా అవసరమా? నలుగురూ వాటిని చదివి, రెండు అవసరమేననీ, మిగిలినవి విషయానికి దూరమనీ తేల్చారు. తమ రచనలకు ఉదాహరణల (సైటేషన్ల) సంఖ్య పెంచుకోవడానికి సమీక్షను వాడుకోరాదని 1997లో ఏర్పడిన ప్రచురణ నైతికత కమిటీ, అందరూ కోప్ అని పిలిచే సంస్థ, తన మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. ఆ రెంటినీ "పరిశీలించగలరు" అన్న మాటతో రచయితకు పంపాము. పరుషమైన వాక్యాన్ని మేమే దిద్దకుండా, మృదువుగా మార్చి ఇవ్వగలరా అని సమీక్షకుడినే అడిగాము. ఆయన అభ్యంతరం లేకుండా మార్చారు. ఇతరుల నివేదికను వారికి చెప్పకుండా సవరించడం వ్యాసాన్ని చెప్పకుండా సవరించడంతో సమానమని నా అభిప్రాయం.

నిర్ణయం తెలిపే ఉత్తరం ముసాయిదా రాయడం పార్వతీపురం విద్యార్థిని వంతు. మొదటి ముసాయిదాలో ఆమె రెండు నివేదికలనూ వరుసగా అతికించి, "వీటన్నింటినీ పాటించి రెండు నెలలలో పంపండి" అని ముగించింది. ఒక సమీక్షకుడు మూడో భాగాన్ని విస్తరించమన్నాడు, మరొకరు అదే భాగాన్ని తొలగించమన్నారు. రెంటినీ పాటించడం ఎవరి తరం? సంపాదక మండలి ఉండేది అందుకే. మండలి సమావేశంలో వాదించుకుని, మూడో భాగం ఉండాలనీ, అయితే అందులోని చారిత్రక నేపథ్యం సగానికి తగ్గాలనీ నిర్ణయించాము. ఆమె రెండో ముసాయిదాలో ప్రతి సూచన ముందు అది మండలి కోరుతున్నదా, సమీక్షకుడి సలహా మాత్రమేనా అన్నది విడదీసి రాసింది. రచయిత జవాబు త్వరగా, వివరంగా రావడానికి ఆ స్పష్టతే కారణమనుకుంటున్నాను.

అక్టోబరు, నవంబరు: ఆధారాల తనిఖీ

సవరించిన ప్రతి అంగీకారం పొందిన తరువాత అసలు పని మొదలైంది. ప్రతి ఫుట్‌నోట్‌కూ మూల పత్రం తెరిచి, ఆ పుట, ఆ పేరా చూసి, వ్యాసంలోని వాక్యానికి అది సరిపోతుందా అని తేల్చాలి. ఉదాహరణ (సైటేషన్) రూపం సరిగ్గా ఉందా అన్నది చివరి ప్రశ్న. విద్యార్థులు సహజంగానే దానితోనే మొదలుపెట్టారు: మా పత్రిక ఆక్స్‌ఫర్డ్ వారి ఓస్కోలా పద్ధతిని కొద్ది మార్పులతో వాడుతుంది కనుక, చుక్కలు తీసేయడం, కేసు పేర్లను వాలు అక్షరాలలో పెట్టడం వంటివి ఉత్సాహంగా చేసుకుపోయారు. ఒక వారం తరువాత ఫుట్‌నోట్లన్నీ చూడముచ్చటగా ఉన్నాయి. వాటిలో ఎన్ని నిజమో ఎవరికీ తెలియదు. రూపం సంగతి పక్కనపెట్టి మొదటి ఫుట్‌నోట్ నుంచి మళ్లీ రమ్మన్నాను.

వ్యాసానికి వెన్నెముక సమతా వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు. విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా పరిసరాల్లో ఇచ్చిన గనుల లీజుల మీద నడిచిన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి బదలాయింపును నిషేధించే నిబంధనలోని "వ్యక్తి" అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందనీ, కాబట్టి అక్కడి ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదనీ అందులో తేలింది. వ్యాసం దీనిని "సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా" అన్నది అని రాసింది. కర్నూలు విద్యార్థిని తీర్పు మొత్తం చదివి, జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ జి.బి. పట్నాయక్ మరోవైపు ఉన్నారని, అంటే 2:1 అని గుర్తు పెట్టింది. ఇది తేలికగా దొరికే పొరపాటు. అంతకంటె మెలికైనది తరువాతి పుటలో ఉంది: గనుల కంపెనీలు "లాభాలలో 20 శాతం ఆదివాసులకు పంచాలని" కోర్టు ఆదేశించినట్లు వ్యాసం చెప్పింది. తీర్పులో ఉన్నది నికర లాభాలలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంత అభివృద్ధి అవసరాల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలన్నది. పంచడానికీ నిధి పెట్టడానికీ, లాభానికీ నికర లాభానికీ ఉన్న దూరం ఏజెన్సీ గ్రామంలో ఉన్నవారికి బాగా తెలుస్తుంది. ఆధారం ఉంది, పుట సంఖ్య సరైనది, ఉదాహరణ రూపం నిర్దుష్టం. అయినా ఆ వాక్యాన్ని ఆ ఆధారం మోయడం లేదు. శిక్షణలో నేను ఆశించినది ఈ చూపునే.

ఉటంకింపుల దగ్గర మరో చిక్కు వచ్చింది. ఒక ఉటంకింపు తీర్పులో ఎక్కడా దొరకలేదు. చివరకు రిపోర్టరులో తీర్పుకు ముందు అచ్చయిన సారాంశంలో, అంటే హెడ్‌నోట్‌లో, కనిపించింది. హెడ్‌నోట్ రిపోర్టరు సంపాదకులు రాసేది, న్యాయమూర్తుల మాట కాదు. దీని మీద బృందానికి చదవమని ఇచ్చిన కేసు ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్. తీర్పు పాఠం మీద ఎవరికీ కాపీరైటు లేదనీ, కానీ తీర్పును పేరాలుగా విడగొట్టి సంఖ్యలు వేయడంలో, ఎవరు ఏకీభవించారు, ఎవరు విభేదించారు అని సూచించడంలో సంపాదకుల నైపుణ్యం, వివేచన ఉన్నాయనీ, వాటికి రక్షణ ఉంటుందనీ సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో చెప్పింది. పేరా సంఖ్యలు వేయడం అంతటి పనా అని నవ్విన విద్యార్థులే, ఒకే తీర్పు రెండు రిపోర్టర్లలో రెండు రకాల పేరా సంఖ్యలతో ఉండడం చూసి తల పట్టుకున్నారు. రచయిత ఒక చోట ఎస్‌సీసీ (సుప్రీంకోర్టు కేసెస్) పేరా సంఖ్య, మరో చోట ఏఐఆర్ (ఆలిండియా రిపోర్టర్) పేరా సంఖ్య ఇచ్చి, రెండింటికీ ఎస్‌సీసీ పేరే రాశారు. 2023 నుంచి సుప్రీంకోర్టు తీర్పులకు ఏ రిపోర్టరుతోనూ ముడిపడని తటస్థ ఉదాహరణ సంఖ్యలు వచ్చాయి, అధికారిక రిపోర్టు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. అయినా పాత తీర్పులు ఉదహరించేవారిలో ఈ కలగాపులగం ఇంకా చాలాకాలం ఉంటుంది. ఈ వ్యాసం వరకు అన్నింటినీ ఎస్‌సీసీకే మార్చాము.

ఏజెన్సీలో భూమి బదలాయింపును నియంత్రించే "1/70 చట్టం" దగ్గర పార్వతీపురం విద్యార్థిని ఊరి అనుభవం పనికివచ్చింది. ఏజెన్సీలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు, పంచాయతీ ఆఫీసులో కూడా. వ్యాసం దానిని శాసనసభ చేసిన చట్టమని రాసింది. నిజానికి అది అయిదో షెడ్యూలు అయిదో పేరా కింద గవర్నరు చేసే రెగ్యులేషన్. 1959లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్‌ను 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్ సవరించింది, అందుకే ఆ పేరు. రాష్ట్రపతి అంగీకారం పొందేవరకు అటువంటి రెగ్యులేషన్‌కు అమలు లేదు. వ్యాసం వాదన అంతా గవర్నరు ప్రత్యేకాధికారం మీద నిలిచి ఉండగా, ఆ అధికారంతో వచ్చిన శాసనాన్నే శాసనసభ ఖాతాలో వేయడం వ్యాసాన్నే బలహీనపరుస్తుంది. ఆమె ఈ ప్రశ్నను రచయితకు రాసిన తీరు నాకు నచ్చింది: తప్పు అని అనలేదు, మీ రెండో భాగంలోని వాదనకు ఇది మరింత బలం చేకూరుస్తుంది కదా అని అడిగింది. అదే పేరాలో అనంతగిరిని 1990ల సందర్భంలో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చూపించారు; ఆ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. "అప్పటి విశాఖపట్నం జిల్లా" అన్న సవరణతో అది తీరింది.

రాజ్యాంగ సభలో ఆదివాసుల పక్షాన మాట్లాడిన జైపాల్ సింగ్ మాటల కోసం ఇద్దరు కబ్బన్ పార్కులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లారు. వెళ్లవలసిన అవసరం లేదు. రాజ్యాంగ సభ చర్చలు బెంగళూరులోనే ఉన్న సెంటర్ ఫర్ లా అండ్ పాలసీ రీసెర్చ్ వెబ్‌సైట్‌లో పేరాలవారీగా దొరుకుతాయి. అయినా అచ్చు సంపుటం చూస్తామన్నారు, ఎర్రభవనం మెట్లు ఎక్కి వచ్చిన ఉత్సాహం మరో వారం పాటు నిలిచింది కాబట్టి నేనూ అడ్డు చెప్పలేదు. ఆదివాసులకు ప్రజాస్వామ్యాన్ని మీరు నేర్పలేరు అన్న భావం గల ఆయన ప్రసిద్ధ వాక్యాన్ని వ్యాసం 1949 సెప్టెంబరు 5న, అయిదో షెడ్యూలు చర్చలో అన్నదిగా చూపింది. ఆ మాటలు ఆయన 1946 డిసెంబరు 19న, లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ అన్నవి. రచయిత మూల చర్చను కాక ఒక పుస్తకాన్ని నమ్మారు, ఆ పుస్తకం మరో పుస్తకాన్ని నమ్మింది. అయిదో షెడ్యూలు ఇంకా ముసాయిదాగా కూడా లేని రోజున అన్న మాటను ఆ షెడ్యూలు మీద వ్యాఖ్యగా వాడుకోవడం కుదరదు. ఇది తేదీ సవరణతో పోదు, వాక్యం స్థానమే మారాలి; ఎక్కడికి మార్చాలో రచయితకే వదిలాము.

ఇంటర్వ్యూల విషయం చట్టం కన్నా కష్టమైనది. గనులను వ్యతిరేకించిన కొందరు గ్రామస్థుల పేర్లు, ఊరి పేరు వ్యాసంలో ఉన్నాయి. వారు నోటిమాటగా అంగీకరించారని రచయిత చెప్పారు. ఒక విదేశీ డేటాబేసులో, వెతికితే దొరికే రూపంలో, ఎప్పటికీ ఉండిపోతుందని వారికి తెలిసి అంగీకరించారా అని కోలారు విద్యార్థి అడిగాడు. గ్రామసభ తీర్మానం బహిరంగ పత్రమే కదా, అందులో సంతకాలు ఉన్నాయి కదా అని కర్నూలు విద్యార్థిని వాదించింది. ఇద్దరి మాటలోనూ బలం ఉంది. తీర్మానాన్ని తేదీతో, సంఖ్యతో ఉదహరించి, ఇంటర్వ్యూ ఇచ్చినవారి పేర్లు, ఊరి పేరు తీసివేయమని రచయితను కోరాము. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

నవంబరు చివర: సవరించకుండా ఉండడం

హిందూపురం విద్యార్థినికి ఇంగ్లీషు మీద మంచి పట్టు ఉంది. ఉపోద్ఘాతాన్ని మొత్తం తిరగరాసి తెచ్చింది. రచయిత రాసినదానికంటె అది చదవడానికి హాయిగా ఉందనడంలో సందేహం లేదు. ట్రాక్ ఛేంజెస్‌లో చేసిన ఆ మార్పులలో చాలా వాటిని తిరస్కరించాను. "బాగుంది కదా మేడమ్, ఎందుకు తీసేశారు?" అని ఆమె నొచ్చుకున్నది. బాగుండడం వేరు, అది ఆయన వ్యాసంగా ఉండడం వేరు. రచయిత "బహుశా" అని వెనుకాడిన చోట ఆమె వాక్యం ధీమాగా నడిచింది. ఆయన రెండు కారణాలు చెప్పిన చోట చక్కదనం కోసం ఒకటి జారిపోయింది. ఇంటికి సున్నం వేయడానికి వచ్చినవాడు గోడ జరపకూడదు. వాస్తవ దోషం, ఉదాహరణ దోషం, వ్యాకరణం ఉంటే దిద్దాలి. అర్థం రెండు విధాలుగా వచ్చే చోట ప్రశ్న రాయాలి. మిగిలినది నచ్చకపోయినా వదలాలి. జూన్‌లో జవాబివ్వకుండా వదిలిన ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇదే: విద్యార్థి సంపాదకుడికి ఉన్న అధికారం అడిగే అధికారం. దానిని ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు, పేలవమైన వాక్యాన్ని అచ్చు వేయడం పాఠకుడికి అన్యాయం కాదా అన్నది. ఆ వాదనకు విలువ ఉంది. అందుకే ఆమె సూచించిన వాటిలో అర్థం మారని కొన్ని వాక్యాలను ప్రత్యామ్నాయాలుగా మార్జిన్‌లో ఉంచి రచయితకు పంపాను. ఆయన సగం తీసుకున్నారు.

అడగడం అన్నదానికి గట్టి పరీక్ష బాల్కో (భారత్ అల్యూమినియం కంపెనీ) కేసు దగ్గర ఎదురైంది. బాల్కో ఉద్యోగుల సంఘం కేసులో 2001 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, సమతా మెజారిటీ తీర్పు సరైనదేనా అన్నదానిపై తమకు బలమైన సందేహాలున్నాయని చెప్పి, మధ్యప్రదేశ్ చట్టం వేరు కనుక ఆ తీర్పు అక్కడ వర్తించదన్నది. రెండూ ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనాలే కావడం వల్ల సమతా తీర్పు రద్దు కాలేదు, నేటికీ నిలిచే ఉంది, కానీ దాని మీద ఒక నీడ పడింది. వ్యాసంలో బాల్కో ప్రస్తావనే లేదు. ఇద్దరు సమీక్షకులూ దానిని ఎత్తి చూపలేదు. తనిఖీలో భాగంగా తరువాతి తీర్పులు వెతుకుతూ కోలారు విద్యార్థి పట్టుకున్నాడు. బాల్కోకు జవాబు చెప్పకుండా వ్యాసాన్ని ప్రచురించరాదని బృందం మొత్తం పట్టుపట్టింది. మండలి అంత దూరం వెళ్లలేదు, ప్రశ్నగా పంపింది. రచయిత ఒక కొత్త ఫుట్‌నోట్ రాశారు: ఆ సందేహాలు ఆ కేసు ఫలితానికి అవసరం లేని వ్యాఖ్యలనీ, మధ్యప్రదేశ్ చట్టం భాష వేరనీ ఆయన వాదన. విద్యార్థులకు అది చాలలేదు. ఫుట్‌నోట్ కాదు, ఒక పేరా రావాలన్నారు. నాకూ అలాగే అనిపించింది, కానీ రచయిత ప్రశ్నను విన్నారు, జవాబిచ్చారు, ఆ జవాబు పాఠకుడి కంటికి కనిపిస్తుంది. అంతటితో ఆపాము.

డిసెంబరు: ప్రూఫులు

ఆ కొత్త ఫుట్‌నోట్ చేరడంతో వెనకున్న సంఖ్యలన్నీ ఒకటి చొప్పున జరిగాయి. ఓస్కోలాలో ముందు ఉదహరించిన రచనను దాని ఫుట్‌నోట్ సంఖ్యతో సూచిస్తారు కనుక, చేత్తో రాసిన సూచనలన్నీ తప్పు చోటికి చూపించాయి. ఫైలులోనే లంకెలుగా పెట్టి ఉంటే వాటంతట అవే మారేవి. వచ్చే సంచిక స్టైల్ షీట్‌లో ఇది మొదటి నియమం. చామరాజపేట ప్రెస్సు నుంచి వచ్చిన పేజీలను విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరు పైకి చదువుతుండగా మరొకరు సరిచూశారు. తెరమీద అనేకసార్లు చదివినా దొరకని అచ్చుతప్పులు ఇలా చెవికి దొరికాయి.

ఈ మధ్య రచయితల నుంచి తరచుగా వస్తున్న ప్రశ్న, మీ పత్రిక కేర్ జాబితాలో ఉందా అని. నాణ్యమైన పత్రికలను గుర్తించే ఆ జాబితాను విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. ఇప్పుడు పత్రిక నాణ్యతను తేల్చుకోవలసింది విద్యాసంస్థలే. కాబట్టి సమీక్ష విధానం, సంపాదక మండలి వివరాలు, రచయితల నుంచి రుసుము తీసుకోబోమన్న ప్రకటన, లైసెన్సు నిబంధనలు సంచిక లోపలి అట్ట మీద స్పష్టంగా ఉండేట్లు కర్నూలు విద్యార్థిని ఒక పుట తయారుచేసింది. అచ్చు ప్రతికి, ఇంటర్నెట్ ప్రతికి పత్రిక గుర్తింపు కోసం ఇచ్చే ఐఎస్‌ఎస్‌ఎన్ సంఖ్యలు వేరువేరుగా ఉండాలి, ఆ రెండూ అదే పుటలో చేరాయి.

ఒక పని మిగిలింది. మా వ్యాసానికి ముందు రావలసిన వ్యాస రచయిత లైసెన్సు పత్రం మీద ఇంకా సంతకం చేయలేదు. శుక్రవారం లోగా అది రాకపోతే ఆ వ్యాసాన్ని తరువాతి సంచికకు మార్చి, విషయసూచికలో, డీఓఐ (వ్యాసానికి ఇంటర్నెట్‌లో ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) నమోదులో మా వ్యాసం పుట సంఖ్యలను మళ్లీ వేయాలి. పార్వతీపురం విద్యార్థిని రెండు విషయసూచికలూ ఇప్పటికే సిద్ధం చేసి ఉంచింది.